జార్జియా పైన్, ఓక్ కొండల్లో జింకల వేట: జాడ పట్టడం నుంచి మాంసం ఇంటికి చేర్చడం దాకా

అట్లాంటా చుట్టుపక్కల కమ్మింగ్, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ వైపు ఉండే మనవాళ్లు ఇంటి వెనక పెరట్లోకి వచ్చే జింకల్ని రోజూ చూస్తూనే ఉంటారు. సెప్టెంబర్ వచ్చిందంటే ఆఫీసులో ఎవరో ఒకరు "ఈసారి డీర్ సీజన్‌కి వస్తావా?" అని అడుగుతారు. వెళ్లాలని ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇందులో చెప్పేదంతా అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి, ఇక్కడి తెల్లతోక జింకకు సంబంధించింది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా చుక్కల జింకను, కణుజును, కృష్ణజింకను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, జైలుకు పోతారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఎవరు పిలిచినా ఆ దారి తొక్కొద్దు.

ఇక్కడ కథ వేరు. 1900 తర్వాతి తొలి దశాబ్దాల్లో జార్జియాలో జింకలు దాదాపు కనుమరుగయ్యాయి. బయటి నుంచి తెచ్చి వదిలి, వేటకు హద్దులు పెట్టి, మళ్లీ పెంచారు. వాటిని తినే తోడేళ్లు ఇప్పుడు ఈ అడవుల్లో లేవు. అందుకే ఏటా ఎన్ని జింకల్ని తీయాలో రాష్ట్రమే లెక్క కట్టి సీజన్ తెరుస్తుంది. లైసెన్సు డబ్బులు, 1937 నాటి కేంద్ర చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల పనులకే వెళ్తాయి. పద్ధతిగా వేటాడేవాడు ఇక్కడ అడవికి శత్రువు కాదు.

అసలు పని గురించి నేను చెప్పేది ఒక్కటే. కొండల్లో జింక వెంట తిరిగితే అది దొరకదు. అది నడవక తప్పని చోటు కనిపెట్టాలి, మీ వాసన దానికి తగలని వైపు కూర్చోవాలి. కింద రాసినవన్నీ ఈ రెండింటి కోసమే.

ముందు కాగితాలు

1961 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సు తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. ఆన్‌లైన్‌లో చేయొచ్చు. ఆ తర్వాత హంటింగ్ లైసెన్స్, దాని మీద జింకలాంటి పెద్ద జంతువుల కోసం బిగ్ గేమ్ లైసెన్స్, వీటితో పాటు కొట్టిన జింకల్ని నమోదు చేసుకోవడానికి ఉచితంగా ఇచ్చే హార్వెస్ట్ రికార్డ్ తీసుకోవాలి. అన్నీ గో అవుట్‌డోర్స్ జార్జియా వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో దొరుకుతాయి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉంటే దీనికి మినహాయింపు ఉంది. అంటే లైసెన్సు గడువు దాటిపోయి తుపాకీ ఇంట్లోనే ఉంటే చిక్కుల్లో పడ్డట్టే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. తుపాకీ కొనే ముందు, స్నేహితుడి దగ్గర అడిగి తీసుకునే ముందు కూడా, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. ఈ టెన్షన్ వద్దనుకుంటే క్రాస్‌బోతో, అంటే ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లుతో, మొదలుపెట్టండి. కేంద్ర చట్టం దృష్టిలో అది తుపాకీ కాదు, జార్జియా విల్లు సీజన్‌లో దాన్ని వాడొచ్చు. నా మాట వింటే కొత్తవాళ్లకు అదే మేలు. దగ్గరికి వచ్చేదాకా ఆగడం నేర్పుతుంది.

విల్లు సీజన్ సెప్టెంబర్ రెండో శనివారం ప్రాంతంలో మొదలవుతుంది. తుపాకీ సీజన్ అక్టోబర్ మూడో వారంలో తెరుచుకుని జనవరి రెండో వారం దాకా నడుస్తుంది. తుపాకీ సీజన్‌లో నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ రంగు దుస్తులు వేసుకోవాలి. జింకకు ఆ రంగు మనకు కనబడేంత కొట్టొచ్చినట్టు కనబడదు, కానీ పక్క కొండ మీదున్న వేటగాడికి కనిపిస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేట. తేదీలు, ఆడ జింకను తీయగలిగే రోజులు, ఒక్కో ప్రభుత్వ అడవికి ఉన్న ప్రత్యేక నిబంధనలు ఏటా కొంచెం మారుతుంటాయి. ఆ ఏడాది నిబంధనల పుస్తకం తప్పకుండా చదవండి.

ఎక్కడ వేటాడాలి

సొంత భూమి గానీ, తెలిసినవాళ్ల భూమి గానీ లేకపోతే ప్రభుత్వ అడవి ఉంది. చటాహూచీ-ఓకోనీ జాతీయ అడవి రెండు వేర్వేరు ముక్కలు. ఉత్తరాన బ్లూ రిడ్జ్ కొండల్లో ఉండేది చటాహూచీ భాగం: ఎత్తైన వాలులు, ఎక్కువగా ఓక్, హికరీ చెట్లు, జింకలు పలచగా ఉంటాయి. అట్లాంటాకు ఆగ్నేయంగా ఉన్న ఓకోనీ భాగం పీడ్‌మాంట్ నేల: చిన్న కొండలు, వాగులు, పైన్ తోటలు, ఎర్రమట్టి. కొత్తవాళ్లకు నేను ఓకోనీయే చెబుతాను. జింకలు ఎక్కువ, కొండలు ఎక్కాల్సిన పని తక్కువ.

ఈ ఎర్రమట్టికి ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు ఇదంతా పత్తి చేను. ఏళ్ల తరబడి దున్ని దున్ని పైమట్టి కొట్టుకుపోయింది. 1915 ప్రాంతంలో పత్తిని తొలిచే బోల్ వీవిల్ పురుగు వచ్చి రైతును నిలువునా ముంచింది. వదిలేసిన చేలల్లో లాబ్‌లాలీ పైన్ మొలిచింది, ప్రభుత్వమూ నాటింది. ఇప్పటికీ పైన్ చెట్ల మధ్య నడుస్తుంటే పాత చేల గట్లు, వర్షానికి కోసుకుపోయిన గండ్లు, ఎప్పటివో బండి బాటలు కాలికి తగులుతాయి. ఆ గట్లూ బాటలూ జింకలు ఇప్పటికీ వాడుకుంటాయి. సమంగా ఉన్న దారి దొరికితే అవీ కష్టపడి వాలు ఎక్కవు.

పైన్ తోట వయసును బట్టి

కొత్తవాళ్లకు పైన్ అడవి అంతా ఒక్కలాగే కనిపిస్తుంది. జింక కంట్లో అది నాలుగైదు రకాలు.

చెట్లు నరికి కొత్తగా నాటిన చోట మొదటి రెండు మూడేళ్లు ఎండ బాగా పడి గడ్డి, తీగలు, లేత కొమ్మలు దట్టంగా వస్తాయి. అది మేత నేల. నాలుగేళ్ల నుంచి పదేళ్ల దాకా మొక్కలు మనిషి చొరబడలేనంత గుబురుగా అల్లుకుంటాయి. అది పడక. ఆ తర్వాత పై కొమ్మలన్నీ కలిసిపోయి కిందికి ఎండ దిగదు, నేల మీద పైన్ ఆకు తప్ప ఏమీ ఉండదు. అలాంటి చోట జింక దాటుకుంటూ పోతుందే గానీ ఆగదు. తోటను పలచన చేశాక, లేదా అటవీశాఖ వాళ్లు కింద పడిన చెత్తను పద్ధతిగా కాల్చాక, మళ్లీ ఎండ దిగి చిగుళ్లు వస్తాయి, జింకలూ తిరిగొస్తాయి.

ఇప్పుడు అసలు కీలకం. వాగుల వెంబడి ఇటు అటు ఓక్ చెట్ల పట్టీ ఒకటి నరకకుండా వదులుతారు, నీళ్లలోకి మట్టి కొట్టుకుపోకుండా. రెండు పైన్ తోటల మధ్య పాములా సాగే ఆ ఓక్ పట్టీలో నీడ ఉంటుంది, కాయలుంటాయి, నీళ్లుంటాయి, పగటిపూట కూడా కనబడకుండా నడవొచ్చు. గుబురు పైన్, పలచన చేసిన పైన్, ఈ ఓక్ పట్టీ, మూడూ ఒకచోట కలిసే మూలను ముందు వెతకండి. ఒకేరకం అడవి మధ్యలో కూర్చోవడం కంటే అలాంటి మూలలో కూర్చోవడం ఎన్నోరెట్లు నయం.

ఇంట్లో కూర్చుని మ్యాప్ చదవడం

ఆన్‌ఎక్స్ లాంటి యాప్‌లో గానీ, అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉచితంగా ఇచ్చే 1:24,000 మ్యాపుల్లో గానీ ఎత్తు గీతలుంటాయి. గీతలు దగ్గరగా ఉంటే నిటారు వాలు, దూరంగా ఉంటే చదును. 'వి' ఆకారంలో మొన పైకి తిరిగి ఉంటే అది వాగు దిగే ఒంపు. మొన కిందికి తిరిగి ఉంటే కొండ ముక్కు.

నాలుగు చోట్లు గుర్తు పెట్టుకోండి. రెండు శిఖరాల మధ్య కొండ వెన్ను కిందికి దిగే పల్లాన్ని ఇక్కడి వేటగాళ్లు శాడిల్ అంటారు. ఆవలి వైపుకు దాటాలనుకున్న జింక అక్కడినుంచే దాటుతుంది. వాలు మధ్యలో ఉండే సన్నటి చదును పట్టీ బెంచ్, జింకలు దాని మీద వాలుకు అడ్డంగా నడుస్తాయి. వాగు పుట్టే ఒంపు తల మూడోది, ఒంపులోకి దిగి ఎక్కే బదులు అవి ఆ తల చుట్టూ తిరుగుతాయి. వాగు గట్లు కిందికి దిగి నీళ్లు లోతు తక్కువగా ఉండే దాటుడు చోటు నాలుగోది.

ఇక పడక. మగ జింకలకు కొండ వెన్నుకు కొంచెం కింద, పైనుంచి మూడో వంతు ఎత్తులో, గాలి అవతలి వైపు నుంచి వచ్చే వాలు మీద ముక్కులాగా పొడుచుకొచ్చిన చోట పడుకోవడం ఇష్టం. వీపు వైపు నుంచి వచ్చే గాలి వెన్ను మీదుగా వాసన తెస్తుంది, కింది వాలంతా కళ్ల ముందుంటుంది, పగలు వేడెక్కి పైకి లేచే గాలి లోయ వాసన కూడా మోసుకొస్తుంది. అక్కడే పడుకుని నెమరేసుకుంటూ మూడు వైపులా కాపలా కాస్తుంది. అలాంటి పడకలోకి నేరుగా నడిచి వెళ్తే తెల్లతోక ఎగరేసుకుంటూ పోవడం ఒక్కటే చూస్తారు. మ్యాప్ మీద పడకలకు ఒక రంగు, మేతకు ఒక రంగు, ఆ రెండింటి మధ్య దారికి ఒక రంగు వేయండి. మీరు కూర్చోవాల్సింది మూడో రంగు మీద.

కాలినడకన జాడ తీయడం

దీనికి మంచి నెల ఫిబ్రవరి. సీజన్ అయిపోయి ఉంటుంది, ఆకు రాలి అడవి తెరుచుకుని ఉంటుంది, మీరు జింకల్ని బెదరగొట్టినా వచ్చే సెప్టెంబర్ నాటికి మర్చిపోతాయి. పోయిన నవంబర్ గుర్తులన్నీ అలాగే ఉంటాయి. మ్యాప్‌లో గుర్తు పెట్టిన ప్రతి చోటుకూ వెళ్లండి, పడకల్లోకి కూడా చొరబడండి. ఏడాదిలో ఆ స్వేచ్ఛ ఇప్పుడే.

వాన వెలిసిన మర్నాడు కలప బండ్ల బాట మీద ఒకసారి వంగి చూడండి. ఎర్రమట్టిలో రెండు చీలికల గిట్ట దిగి ఉంటుంది, మొన ఎటుంటే జింక అటు వెళ్లింది. అంచులు కత్తితో కోసినట్టు పదునుగా ఉంటే వాన తర్వాత పడింది. అంచు విరిగి, లోపల పైన్ ఆకు పడి ఉంటే పాతది. పెంటికలు తడిగా నల్లగా మెరుస్తుంటే తాజావి. ఎండి వెలిసిపోయి ఉంటే రోజులు గడిచాయి.

మగ జింక కొమ్ములతో చెట్టు బెరడును రుద్దిన చోటును రబ్ అంటారు. ఒక్క రబ్ వల్ల పెద్దగా తెలిసేది లేదు. వరుసగా నాలుగైదు ఉంటే, ఏ వైపు బెరడు లేచిందో చూడండి. జింక అటు వైపు నుంచి వచ్చింది. ఆ వరుసే దాని బాట. స్క్రేప్, అంటే మగ జింక గిట్టతో నేల గీకిన చోటు, ఇంకా ముఖ్యం. మనిషి ఛాతీ ఎత్తులో ఒక కొమ్మ బాట మీదికి వంగి, చివర నలిగి, విరిగి వేలాడుతుంటుంది. సరిగ్గా దాని కింద ఎండుటాకులు పక్కకు నెట్టేసి రెండు మూడు అడుగుల మేర పచ్చి మట్టి కనిపిస్తుంది, మధ్యలో ఒక గిట్ట ముద్ర, దగ్గరికి వంగితే ఘాటైన మూత్రపు వాసన. ఆ కొమ్మను చేత్తో ముట్టుకోవద్దు. వాటి ముఖం వాసన అంటించి కబుర్లు చెప్పుకునేది ఆ కొమ్మ మీదే. శాడిల్‌లోనో, పాత బాటలు కలిసేచోటో ఏటా అదే కొమ్మ కింద స్క్రేప్ పడుతుంటే ఆ చోటు బంగారం.

మళ్లీ సెప్టెంబర్ చివర్లో, ఈసారి తక్కువ నడక, ఎక్కువ చూపు. ఇప్పుడు వెతకాల్సింది ఓక్ కాయలు, ఇక్కడివాళ్లు ఎకార్న్ అంటారు. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే తెల్ల ఓక్ జాతి. అంచుల చివర సన్నటి ముల్లులాంటి మొన ఉంటే ఎర్ర ఓక్ జాతి. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ, అవి పడుతున్నన్ని రోజులు జింకలు మిగతావి పెద్దగా పట్టించుకోవు. ఒక్క ఏడాదిలో పండి, రాలగానే మొలకెత్తడం మొదలుపెడతాయి కాబట్టి తొందరగా అయిపోతాయి కూడా. ఎర్ర ఓక్ కాయకు రెండేళ్లు పడుతుంది, వగరెక్కువ, కానీ చలికాలం దాకా నేల మీద నిలుస్తుంది. డిసెంబర్‌లో వేట దానికిందే.

అన్ని తెల్ల ఓక్‌లూ ప్రతి ఏడాదీ కాయవు. బైనాక్యులర్‌తో కొమ్మల్లోకి చూసి కాపు ఉన్న చెట్టును పట్టుకోండి. చెట్టు కింద పెద్ద పెద్ద పెంకు ముక్కలు, నలిగిన టోపీలు, తాజా పెంటికలు ఉంటే జింకలు వస్తున్నాయని. సన్నటి పొట్టు మాత్రమే ఉంటే అది ఉడుత పని. పెర్సిమన్ పళ్లు రాలే చెట్టు, అడవి ద్రాక్ష తీగలు కనబడినా రాసిపెట్టుకోండి. ఉత్తరపు కొండల్లో ఓక్ కాపు తప్పిన ఏడాది జింకలు మేత కోసం ఎక్కువ తిరుగుతాయి, పాత లెక్కలు పనిచేయవు.

జాతీయ అడవిలో మొక్కజొన్న చల్లి వేటాడటం నేరం. ప్రైవేటు భూమిలో జార్జియా ఒప్పుకుంటుంది, అయినా తెల్ల ఓక్ కాయలు పడుతున్నప్పుడు ఆ ఖర్చు దండగ.

సెప్టెంబర్‌లో బూట్లకు, ప్యాంట్లకు గోమార్లను చంపే పెర్మెత్రిన్ మందు కొట్టుకోండి. ఇక్కడి లోన్ స్టార్ గోమారి కుడితే కొందరికి జింక మాంసంతో సహా ఎర్ర మాంసమే పడని ఎలర్జీ వస్తుంది. ఎండుటాకుల్లో కాపర్‌హెడ్ పాములు కలిసిపోయి ఉంటాయి, దుంగ దాటేముందు అవతల చూసి కాలు వేయండి.

గాలి

ఈ ఒక్క భాగం బాగా పట్టుబడితే మిగతా లోపాలు చాలా వరకు కప్పుకుపోతాయి. కొండల్లో గాలి రెండు రకాలు. ఒకటి వాతావరణ సూచనలో చెప్పేది. రెండోది వాలు గాలి: రాత్రి, తెల్లవారుజామున చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంబడి కిందికి జారుతుంది, ఎండ తగిలి నేల వేడెక్కాక అదే వాలు వెంబడి పైకి లేస్తుంది, సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి దిగుతుంది. ఈ గాలి మారే సమయం పొద్దున ఎండ వాలు మీద పడ్డ అరగంట, గంట తర్వాత. ఆ మధ్యలో అది ఎటు తిరుగుతుందో చెప్పలేం.

అందుకే పొద్దున పైన, సాయంత్రం కింద. పొద్దున వెన్నుకు దగ్గరగా కూర్చుంటే ఎండెక్కాక మీ వాసన పైకి, జింకలు లేని వైపుకు పోతుంది. సాయంత్రం వాగు దగ్గర, జింకలు దిగి వచ్చే బాటకంటే వాగు కింది వైపున కూర్చుంటే మీ వాసన నీళ్ల వెంబడి కిందికి జారిపోతుంది. ఇరుకు లోయ అడుగున మాత్రం కూర్చోవద్దు, అక్కడ గాలి సుడి తిరుగుతుంది.

దీన్ని కంటితో చూడటానికి ఇక్కడివాళ్లు మిల్క్‌వీడ్ దూది వాడతారు. మన జిల్లేడు కుటుంబానిదే, కాయ పగిలితే అలాంటి పట్టుదూదే వస్తుంది. గుప్పెడు జేబులో వేసుకుని, చెట్టెక్కి కూర్చున్నాక ఒక్కో పోగు వదలండి. అది ముందు పక్కకు పోయి, నలభై గజాల అవతల ఒంపు అంచున ఒక్కసారి కిందికి మునిగి, వెనక్కి తిరిగి వస్తుంది. ముఖానికి తగిలే గాలి ఆ సంగతి చెప్పదు. రెండు మూడు పోగులు జింక రావలసిన బాట మీదికి వెళ్తే, దిగి వేరే చెట్టు చూసుకోండి. బద్ధకించి అక్కడే కూర్చుంటే ఆ రోజుతో పాటు ఆ చోటు కూడా చెడుతుంది.

చేరే దారి కూడా గాలిలో భాగమే. పొద్దున చీకట్లో మేత నేలను దాటుకుంటూ వెళ్తే అక్కడున్న జింకలన్నీ వెళ్లిపోతాయి. చుట్టు తిరిగైనా వెనక వైపు నుంచి వెళ్లండి. వాగులో నడవగలిగితే అంతకంటే మంచి దారి లేదు, చప్పుడూ వాసనా రెండూ తగ్గుతాయి.

చెట్టు, మంచె, పట్టీ

పైకెక్కే క్లైంబర్ స్టాండ్‌కు నిటారుగా, కింద కొమ్మలు లేకుండా ఉండే పైన్ అనుకూలం. కానీ ఒంటరి పైన్ మీద మీరు స్తంభానికి కట్టిన మూటలా కనబడతారు. వెనకాల ఓక్ కొమ్మలు, గుబురు ఉన్న చెట్టు ఎంచుకోండి. వాలు మీద ఇంకో చిక్కు ఉంది: కింది వైపు నుంచి 20 అడుగుల ఎత్తున్న మంచె, పై వైపు నుంచి వచ్చే జింకకు కంటి ఎత్తులో ఉంటుంది. జింక పైనుంచి దిగి వచ్చే బాటైతే కూర్చునే దిశ మార్చండి, లేదా నేల మీద పడిపోయిన చెట్టు వెనక కూర్చోండి. నేల మీద కూర్చోవడం తక్కువ పనేం కాదు.

ఇక్కడి వేట ప్రమాదాల్లో మంచె మీద నుంచి పడటం ముందు వరసలో ఉంటుంది. ఒంటికి పూర్తి హార్నెస్ (పడిపోకుండా ఆపే పట్టీ) కట్టుకుని, నేల మీద ఉన్నప్పుడే చెట్టుకు తగిలించి, దిగి కాలు నేల మీద పెట్టేదాకా విప్పొద్దు. తుపాకీలో తూటాలు లేకుండా తాడుతో పైకి లాక్కోండి. ఎండిన చెట్టు, బెరడు ఊడే చెట్టు ఎక్కొద్దు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి, మ్యాప్ మీద గుర్తు పెట్టి ఫోన్‌కు పంపండి. లోయల్లో సిగ్నల్ ఉండదు.

ఏ రోజున, ఏ వేళ

సీజన్ మొదట్లో మేత చెట్టు దగ్గర సాయంత్రం. పీడ్‌మాంట్‌లో నవంబర్ మొదటి, రెండో వారాల్లో జత కట్టే కాలం ముమ్మరంగా ఉంటుంది, ఉత్తరపు కొండల్లో కొంచెం ఆలస్యం. అప్పుడు మగ జింక మేత మానేసి ఆడవాటి కోసం పగలంతా తిరుగుతుంది. ఆ వారాల్లో శాడిల్‌లో, ఆడ జింకల పడకలకు గాలి కింది వైపున ఉన్న బెంచ్ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోండి. పదకొండు గంటలకు అందరూ తిండికి దిగిపోతారు. వాళ్ల నడకకు కదిలిన జింకలు మీ దగ్గరికి వస్తాయి. సెలవు ఒక్క వారమే దొరికితే ఈ వారమే పెట్టుకోండి. ఒక చల్లగాలి వచ్చి ఉష్ణోగ్రత బాగా పడిన మర్నాడైతే ఇంకా మంచిది.

ఒకే మంచె మీద వరుసగా కూర్చోవద్దు. రెండు మూడు చోట్లు సిద్ధం చేసుకుని, ఆ రోజు గాలి ఏది ఒప్పుకుంటే దాని మీదికి వెళ్లండి.

తూటా వదలడం, వదలకపోవడం

.243, .308 లాంటి మామూలు రైఫిల్ చాలు. 100 గజాల దగ్గర గురి సరిచూసుకోండి, ఈ అడవుల్లో చాలా షాట్లు అంతకంటే దగ్గరే. జింక పక్కకు నిలబడ్డప్పుడు ముందు కాలి వెనక అంచు వెంబడి పైకి చూపు తీసుకెళ్లి, శరీరం ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపండి. ఊపిరితిత్తులు అక్కడుంటాయి. కొంచెం అటు తిరిగి నడుస్తుంటే, అవతలి ముందు కాలిని దృష్టిలో పెట్టుకుని గురి పెట్టాలి. ఎదురుగా తిరిగి ఉన్నా, పరుగెత్తుతున్నా, కొమ్మల చాటున ఉన్నా ఆగండి.

కొండ వెన్ను మీద ఆకాశం వెనకగా నిలబడ్డ జింకను ఎప్పుడూ కొట్టొద్దు. తూటా ఎక్కడ పడుతుందో మీకు తెలియదు, అవతలి వాలులో మనిషి ఉండొచ్చు. వెనక మట్టి ఉంటేనే ట్రిగ్గర్ మీదికి వేలు వెళ్లాలి.

కొట్టాక కదలకండి. జింక ఎలా ఎగిరింది, చివరిసారి ఏ చెట్టు పక్కన కనబడింది, గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో ఒక ఫోటో తీయండి. అరగంట ఆగి కొట్టిన చోటికి వెళ్లండి. నురగతో లేత ఎరుపు నెత్తురుంటే ఊపిరితిత్తులు తగిలాయి, జింక దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, మూడు నాలుగు గంటలు ఆగండి. పచ్చగా, కడుపు వాసనతో ఉంటే కనీసం ఆరు గంటలు. వెంటనే తరిమితే అది లేచి మైలు దూరం పోయి ఎవరికీ దక్కకుండా చస్తుంది. నెత్తురు కనబడ్డ ప్రతి చోటా కొమ్మకు రంగు టేపు కట్టుకుంటూ, బాట పక్కన నడవండి, బాట మీద కాదు. జాడ పోతే చివరి టేపు దగ్గరికి వచ్చి, చిన్న చిన్న చుట్లు తిరుగుతూ వెతకండి. గాయపడ్డ జింక తరచు వాలు కిందికి, నీళ్ల వైపు పోతుంది. దొరికేదాకా వెతకడం వేటగాడి బాధ్యత, చీకటి పడిందని, చలేసిందని వదిలేయడానికి లేదు.

పడిన తర్వాత

వెనక వైపు నుంచి వెళ్లి కర్రతో కంటిని తాకి చూడండి. రెప్ప కదలకపోతే ప్రాణం పోయినట్టే. జింకను కదపకముందే హార్వెస్ట్ రికార్డ్‌లో తేదీ, కౌంటీ నమోదు చేయాలి. 24 గంటల్లోగా గేమ్ చెక్ అనే రాష్ట్ర నమోదు వ్యవస్థలో చెప్పి నంబర్ తీసుకోవాలి. సీజన్ మొత్తానికి 12 జింకల హద్దు ఉంది, అందులో కొమ్ములున్నవి రెండే.

నవంబర్‌లో కూడా జార్జియా మధ్యాహ్నం వెచ్చగా ఉంటుంది, మాంసం పాడయ్యేది వేడి వల్లే. చేతికి గ్లవ్స్ వేసుకుని, పొట్ట చర్మాన్ని కత్తి మొన పైకి పెట్టి, రెండు వేళ్లు అడ్డం పెట్టుకుని కోయండి. పేగు, మూత్రపు సంచి తెగకూడదు. లోపలివన్నీ తీసేసి, తిరగేసి నెత్తురు కార్చి, వీలైనంత త్వరగా ఐస్ ఉన్న పెట్టెలోకి చేర్చండి. 4 డిగ్రీల సెల్సియస్ కిందికి దించాలి. వాలు మీద పూర్తి జింకను ఈడ్చడం ప్రాణాంతకమైన పని. వయసు పైబడినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు తోడు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

2025 జనవరిలో దక్షిణ జార్జియాలోని లేనియర్ కౌంటీలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ మొదటిసారి బయటపడింది. జింక మెదడును తినేసే జబ్బు. మనుషులకు వచ్చిన దాఖలా ఇప్పటివరకు లేదు, అయినా ఆ ప్రాంతపు జింకను పరీక్ష చేయించకుండా తినొద్దు. అక్కడి నుంచి మొత్తం కళేబరాన్ని బయటికి తేవొద్దు, నిబంధనలు ముందే చూసుకోండి. ఎక్కడ కొట్టిన జింకైనా మెదడు, వెన్నుపాము జోలికి పోవద్దు.

మీ ఇంటికి సరిపడా తీసుకున్నాక ఇంకా ఉంటే, హంటర్స్ ఫర్ ద హంగ్రీ కార్యక్రమంలో ఉన్న ప్రాసెసర్ (జింక మాంసం కోసి ఇచ్చే దుకాణం) దగ్గర ఇవ్వండి, ఆకలితో ఉన్నవాళ్ల ఇళ్లకు చేరుతుంది.

వంటకు వస్తే, జింక కొవ్వు మేక కొవ్వులా కాదు, చల్లారగానే అంగిలికి మైనంలా అంటుకుంటుంది. కొవ్వు, మాంసం మీది తెల్లటి పొర మొత్తం తీసేయండి, సగం 'అడవి వాసన' దానితోనే పోతుంది. వెన్ను పక్కన ఉండే పొడుగాటి మెత్తటి కండను ముక్కలు కోసి పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాల్లో వేపుడు చేయండి, ఎక్కువసేపు ఉంచితే తోలవుతుంది. మెడ, ముందు కాలి మాంసం సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం: అల్లం వెల్లుల్లి పట్టించి కుక్కర్‌లో బాగా మెత్తబడనిచ్చి, చివర్లో గోంగూర వేయండి. కైమా కొట్టిస్తే మాత్రం లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వండాలి.